సౌండ్ మారింది సరే... జెట్ మార్చావా?

"అన్నయ్యా, విను... సౌండ్ విను!"

పోయిన నవంబర్లో ఓ ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు నుంచి వీడియో కాల్. ఫోన్ తీసుకెళ్లి సైలెన్సర్ దగ్గర పెట్టి రేస్ ఇస్తున్నాడు. వాడిది రేపల్లె దగ్గర పల్లె. చదివేది బాపట్లలో. బండి సెకండ్ హ్యాండ్ 150 సీసీ, కార్బొరేటర్ మోడల్. మా పిన్ని చీటీ పాడి కొనిచ్చింది. ఆన్‌లైన్లో ఒక ఫ్రీ ఫ్లో సైలెన్సర్, కోన్ ఆకారంలో ఉండే ఒక ఎయిర్ ఫిల్టర్ తెప్పించాడు. తెనాలిలో ఫ్రెండ్ ఇంటి ముందు ఇద్దరూ కూర్చుని గంటలో బిగించేశారు. రెండూ కలిపి 4,500 రూపాయలు.

యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా వెనక నుంచి పట్... పట్... పట్.

"ఆ పట్ పట్ ఏందిరా?" అన్నా.

"అదే కదా అన్నయ్యా కిక్కు! పికప్ కూడా మామూలుగా లేదు."

నేను నవ్వేసి, "సర్లే, నాలుగు రోజులు తిరిగితే సెట్ అవుద్ది" అన్నా. బండ్ల గురించి ఇన్ని కబుర్లు రాసేవాణ్ణి, అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్న అడగలేదు. జెట్ మార్చావా?

నెల తిరక్కుండానే జవాబు వచ్చింది. బాపట్ల నుంచి ఇంటికి పోతుంటే, చెరుకుపల్లి దాటాక, మిట్టమధ్యాహ్నం ఇంజిన్ పట్టేసింది. వెనక చక్రం ఒక్క క్షణం లాక్ అయింది. చెయ్యి క్లచ్ మీద ఉంది కాబట్టి సరిపోయింది. వెనకాలే వడ్ల ట్రాక్టర్ వస్తోందట. ఆ ముక్క వాడు నాకు వారం తర్వాత గానీ చెప్పలేదు. పిన్నికి ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ ఈ కాలమ్ చదవదనే నా ధైర్యం.

తెనాలిలో మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మెకానిక్ బాబాయ్ ఉన్నాడు. ఆయన ముందు ప్లగ్ విప్పి నా అరచేతిలో పెట్టాడు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. "ఇది చూస్తే చాలు అబ్బాయా, మిగతాది విప్పకముందే తెలుస్తది" అన్నాడు. విప్పాక పిస్టన్ పక్కల నిలువునా గీతలు. ఆయిల్ కూడా గేజ్ కిందకి పోయింది. బోర్, పిస్టన్ కిట్, లేబర్ అన్నీ కలిపి ఏడు వేలు దాటింది.

తప్పు సైలెన్సర్‌ది కాదు, ఫిల్టర్‌ది కాదు. అవి మార్చి పెట్రోల్ లెక్క మార్చకపోవడం తప్పు. "ఏం కాదులే" అన్న నాది ఇంకా పెద్ద తప్పు. అందుకే ఈ వారం ఆ లెక్క మొత్తం చెప్పేస్తున్నా.

ఊపిరి పెంచారు, తిండి పెంచలేదు

ఇంజిన్ గాలి పీలుస్తుంది, పెట్రోల్ కలుపుకుని కాలుస్తుంది, పొగ వదిలేస్తుంది. కిలో పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఫుల్ పవర్ కావాలంటే పెట్రోల్ కాస్త ఎక్కువ పడాలి, అంటే కిలోకి 12.5 నుంచి 13 కిలోల గాలి. కంపెనీవాళ్లు ఎయిర్ బాక్స్, కార్బొరేటర్, సైలెన్సర్ మూడింటినీ ఒక జట్టుగా చూసి ఈ లెక్క కడతారు.

కార్బొరేటర్ పెట్రోల్‌ని పంపు పెట్టి తోయదు. దాని గొంతులో గాలి వేగంగా పోతుంటే అక్కడ ప్రెషర్ తగ్గుతుంది. ఆ లాగుడుకి కింద గిన్నెలోని పెట్రోల్ జెట్ అనే సన్న రంధ్రం గుండా పైకి వస్తుంది. కూల్‌డ్రింక్ స్ట్రాతో పీల్చినట్టే. ఇప్పుడు ఫిల్టర్ దగ్గర అడ్డు తీసేస్తే గాలి సులువుగా వచ్చేస్తుంది, ఆ లాగుడు బలహీనపడుతుంది. సైలెన్సర్ దగ్గర కూడా అడ్డు తగ్గితే ఇంజిన్ ఇంకా ఎక్కువ గాలి మింగుతుంది. జెట్ రంధ్రం మాత్రం పాత సైజే. గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. దీన్నే లీన్ అంటారు. పెట్రోల్ ఎక్కువైతే రిచ్.

లీన్ అయితే ఏమవుతుంది? మంట నెమ్మదిగా కాలుతుంది, వేడి ఎక్కువసేపు లోపలే ఉంటుంది. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు లోపల కొంచెం చల్లబరుస్తుంది, ఆ చల్లదనమూ తగ్గుతుంది. గాలితో చల్లబడే మన మామూలు ఇంజిన్ ఆ వేడిని ఎంతసేపు మోస్తుంది చెప్పండి? అదీ మే నెల ఎండలో, ఇద్దరు కూర్చుని పోతుంటే!

దీనికి తోడు ఇథనాల్. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది. అందుకే ఈ పెట్రోల్‌కి 14.7 కాదు, దాదాపు 13.5 కిలోల గాలి చాలు. అంటే అదే గాలికి కాస్త ఎక్కువ పెట్రోల్ పడాలి. పాత కార్బొరేటర్‌కి ఈ సంగతి తెలియదు. మీరు ఏమీ మార్చకపోయినా అది ఇప్పటికే కొంచెం లీన్ వైపు ఉంది. దాని మీద మీరు ఫిల్టర్ మార్చారు, సైలెన్సర్ మార్చారు. అయిపోయింది.

మరి పికప్ పెరిగినట్టు ఎందుకు అనిపించింది? కొద్దిగా లీన్ అయిన బండి మొదట్లో చురుగ్గా అనిపిస్తుంది. మిగతాది సౌండ్ మాయ. చెవికి స్పీడ్ పెరిగింది, స్పీడోమీటర్‌కి పెరగలేదు. 150 సీసీ బండిలో ఈ రెండు మార్పులతో, అన్నీ కరెక్టుగా ట్యూన్ చేస్తే, వచ్చేది మహా అయితే ఒకటో రెండో హార్స్ పవర్. చాలాసార్లు అదీ ఉండదు.

బండి ముందే చెబుతుంది

ఇంజిన్ ఒక్క రోజులో పోదు. పోయేముందు చాలాసార్లు చెబుతుంది. మనమే వినం.

లీన్ గుర్తులు: యాక్సిలరేటర్ వదిలినప్పుడు పట్ పట్. రేస్ ఇచ్చి వదిలితే ఆర్‌పీఎం వెంటనే దిగకుండా పైనే వేలాడటం. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పితే బండి ఓ క్షణం ఆగి అందుకోవడం. పొద్దున చోక్ ఎక్కువసేపు కావాల్సి రావడం. కాళ్ల మధ్య మునుపెన్నడూ లేని వేడి.

రిచ్ గుర్తులు: పెట్రోల్ వాసన, నల్ల పొగ, ప్లగ్ మీద మసి, మైలేజ్ పడిపోవడం, వేడెక్కాక బండి ఇంకా మందంగా నడవడం.

ఆ పట్ పట్ ఏంటో ఇప్పుడు చెబుతా. యాక్సిలరేటర్ మూసినప్పుడు లోపలికి పోయే మిశ్రమం మరీ పలచనైతే సిలిండర్లో సరిగ్గా అంటుకోదు. కాలని పెట్రోల్ అలాగే సైలెన్సర్లోకి పోయి, ఆ వేడికి అక్కడ పేలుతుంది. మావాడు కిక్కు అనుకున్నది అదే. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఇంజిన్ దగ్గర సైలెన్సర్ బెండ్ పైపు బిగించే చోట గ్యాస్కెట్ లీకైతే బయటి గాలి లోపలికి పోయి ఇలాగే పేలుతుంది. కాబట్టి జెట్ జోలికి పోయేముందు ఆ గ్యాస్కెట్ చూడండి.

"బ్యాక్ ప్రెషర్ పోయింది, అందుకే పికప్ పడిపోయింది" అని కొందరు చెబుతారు. ఇంజిన్‌కి అడ్డు అవసరం ఏమీ లేదు. మరీ లావు పైపు పెడితే పొగ వేగం తగ్గి తక్కువ ఆర్‌పీఎంలో లాగుడు పోతుంది. దానికి లీన్ కూడా తోడవుతుంది. అంతే సంగతి.

ఏది మార్చారో దాన్ని బట్టి

సైలెన్సర్ చివరి డబ్బా మాత్రమే మార్చారా? చాలా బండ్లలో మిక్స్చర్ స్క్రూ కొంచెం తిప్పితే సరిపోతుంది. ఒక్కోసారి అదీ అక్కర్లేదు.

కంపెనీ ఎయిర్ బాక్స్ అలాగే ఉంచి, లోపలి ఫిల్టర్ మాత్రం కడిగి వాడుకునే రకం వేశారా? మెయిన్ జెట్ ఒక సైజు పెంచాల్సి రావచ్చు.

ఎయిర్ బాక్స్ మొత్తం పీకేసి కోన్ ఫిల్టర్ పెట్టారా? అసలు తలనొప్పి ఇదే. ఇప్పటి 150, 180, 350 సీసీ బండ్ల కార్బొరేటర్లలో చాలావాటికి లోపల ఒక రబ్బరు డయాఫ్రమ్, దానికో స్లైడ్ ఉంటాయి. ప్రెషర్ తేడాని బట్టి ఆ స్లైడ్ తనంతట తానే లేస్తుంది. దానికి కుదురైన గాలి కావాలి. ఎయిర్ బాక్స్ ఇచ్చేది అదే. బాక్స్ తీసేస్తే ఎదురుగాలికి ఒకలా, లారీ పక్కన పోతే ఒకలా నడుస్తుంది. ఎన్ని జెట్లు మార్చినా పూర్తిగా కుదరని బండ్లు చూశాను. నా మాట వింటే బాక్స్ పీకకండి.

కార్బొరేటర్: వరుస తప్పొద్దు

ముందు బండి కండిషన్ సరిగ్గా ఉండాలి. ట్యాపెట్ క్లియరెన్స్ చూసుకుని, కార్బొరేటర్ శుభ్రం చేసి, కొత్త ప్లగ్ వేయండి. కార్బొరేటర్‌కి, ఇంజిన్‌కి మధ్య ఉండే రబ్బరు చీలిందేమో చూడండి. ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు దాని చుట్టూ కొంచెం నీళ్లు స్ప్రే చేస్తే ఆర్‌పీఎం మారిందా? అయితే అక్కడ గాలి దొంగదారిలో పోతోంది. అది సరిచేయకుండా ఏ జెట్ వేసినా డబ్బు దండగే.

తర్వాత హ్యాండిల్ గ్రిప్ మీద టేప్ అంటించి సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్ అని గీతలు పెట్టండి. ఎందుకంటే కార్బొరేటర్లో ఒక్కో భాగం ఒక్కో చోట పనిచేస్తుంది. ఐడిలింగ్ నుంచి దాదాపు పావు వరకు పైలట్ జెట్, మిక్స్చర్ స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు నీడిల్. ముప్పావు దాటితే మెయిన్ జెట్. బండి ఎక్కడ తడబడుతోందో ఆ గీత చూస్తే ఏది ముట్టుకోవాలో తెలిసిపోతుంది. "మిస్ కొడుతోంది" అని చెప్పకండి. "సగం తిప్పినప్పుడు మిస్ కొడుతోంది" అని చెప్పండి. మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది.

మెయిన్ జెట్‌తో మొదలుపెట్టండి. జెట్ మీద నంబర్ ఉంటుంది, నంబర్ పెరిగితే రంధ్రం పెద్దది. ఒకసారికి ఒక్క సైజే పెంచాలి. ఫుల్‌లో పోతున్నప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా తగ్గిస్తే బండి ఒక్క క్షణం ముందుకు దూకిందంటే మెయిన్ జెట్ ఇంకా చిన్నదని అర్థం.

రెండోది నీడిల్. పైన గాడులుంటే క్లిప్‌ని ఒక గాడి కిందకి దించండి. నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. గాడులు లేని నీడిల్ అయితే కింద పలచని వాషర్ వేసి లేపుతారు.

మూడోది పైలట్, మిక్స్చర్ స్క్రూ. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. స్క్రూ ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, బయటికి తిప్పితే రిచ్. ఫిల్టర్ వైపు ఉంటే గాలి స్క్రూ, లోపలికి తిప్పితే రిచ్. ఇంజిన్ బాగా వేడెక్కాక, ఆర్‌పీఎం ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ ఆపి ఐడిలింగ్ మళ్లీ తగ్గించుకోండి. పెట్రోల్ స్క్రూ మూడు చుట్లు దాటి విప్పినా చాలట్లేదంటే పైలట్ జెట్ ఒక సైజు పెంచాలి. తిప్పే ముందు స్క్రూ ఎన్ని చుట్ల మీద ఉందో లెక్కపెట్టి ఫోన్లో రాసుకోండి.

ఒక్క దండం పెట్టి చెబుతున్నా. జెట్ రంధ్రాన్ని పిన్నుతోనో, వైరు ముక్కతోనో పెద్దది చేయనివ్వకండి. అది మెత్తని ఇత్తడి. ఒకసారి వంకర పోతే ఇక ఏ లెక్కకీ అందదు. కొత్త జెట్ కొన్ని వందల్లో వస్తుంది. బోర్ వేలల్లో వస్తుంది.

ప్లగ్ చదవడం నేర్చుకోండి

కొత్త ప్లగ్ వేసి, బండి వేడెక్కాక, ఖాళీగా ఉండే తిన్నని చోట మూడో గేర్లో కొన్ని సెకన్లు యాక్సిలరేటర్ పెట్టి, క్లచ్ పట్టుకుని, అదే క్షణం ఇంజిన్ ఆపేయాలి. బండి ఆగాక ప్లగ్ విప్పి చూడాలి. బిస్కెట్ రంగు ఉంటే సరిగ్గా ఉన్నట్టు. తెల్లగా ఉంటే లీన్. మసి ఉంటే రిచ్. ఇప్పటి పెట్రోల్‌తో రంగు పలచగా పడుతుంది. అందుకని చివరి కొన కాదు, లోపల తెల్ల పింగాణీ మొదట్లో ఉండే రింగు చూడండి.

ఇది కాలువ కట్టల మీద చేసే పని కాదు. తెనాలి కట్టల మీద సైకిళ్లు, గేదెలు, స్కూలు పిల్లలు. సూర్యలంక రోడ్డు మీద ఆదివారం అసలే వద్దు. హెల్మెట్ లేకుండా, జనం ఉన్న చోట చేసే టెస్ట్ టెస్ట్ కాదు. అలాంటి చోటు దొరక్కపోతే ఓ చిన్న చిట్కా ఉంది. నెమ్మదిగా పోతూ చోక్ కొంచెం లాగి చూడండి. బండి బాగుపడితే లీన్, ఇంకా పాడైతే రిచ్. పక్కా లెక్క కావాలంటే సైలెన్సర్లో వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టి కొలిచే ట్యూనర్ దగ్గరికి, లేదా డైనో ఉన్న సిటీకి పోవాల్సిందే.

ఎఫ్‌ఐ బండి వాళ్లకి

2020 ఏప్రిల్లో బీఎస్6 వచ్చాక కొత్త బండ్లు దాదాపు అన్నీ ఎఫ్‌ఐ. "మాది ఎఫ్‌ఐ, అదే సర్దుకుంటుంది" అంటారు. సగమే నిజం.

సైలెన్సర్ పైపులో ఓ2 సెన్సర్ ఉంటుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్ చూసి ఈసీయూకి చెబుతుంది. ఐడిలింగ్‌లో, నిలకడగా పోతున్నప్పుడు ఈసీయూ ఆ మాట విని పెట్రోల్ కొంతవరకు సర్దుతుంది. ఆ సర్దుబాటుకీ ఒక హద్దుంది. ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు మాత్రం సెన్సర్ మాట పక్కన పెట్టి, కంపెనీ రాసిపెట్టిన పట్టిక ప్రకారమే పోతుంది. ఆ పట్టిక మీ పాత సైలెన్సర్‌కి రాసింది. ఎక్కువ వేడి పుట్టేది కూడా అప్పుడే.

దీనికి మందు పిగ్గీబ్యాక్ ఈసీయూ. బెంగళూరు రేస్ డైనమిక్స్ వాళ్ల పవర్‌ట్రానిక్, ఫ్యుయెల్ఎక్స్ లాంటివి ఈ రకమే. అవి కంపెనీ ఈసీయూకి, ఇంజెక్టర్‌కి మధ్య కూర్చుని ఇంజెక్టర్ తెరుచుకునే టైమ్‌ని మార్చుతాయి. ఎవరో పంపిన మ్యాప్ ఎక్కించుకుని ఊరుకోకండి, మీ సైలెన్సర్ వేరు, మీ ఫిల్టర్ వేరు. టెంపరేచర్ సెన్సర్‌ని మోసం చేసే చవక ప్లగ్గుల జోలికి అసలు పోకండి. కావాల్సిన చోటా అక్కర్లేని చోటా ఒకేలా పెట్రోల్ పోస్తాయి. ఇక సైలెన్సర్ మార్చేటప్పుడు ఓ2 సెన్సర్ వైరు తీసి టేపు చుట్టేస్తే మీటర్లో ఇంజిన్ లైట్ వెలుగుతుంది, మైలేజ్ పోతుంది. చాలా బండ్లలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఆ కంపెనీ సైలెన్సర్ లోపలే ఉంటుంది. అది తీసి అటక మీద పడేశారంటే పొల్యూషన్ లెక్క కూడా అటకెక్కినట్టే.

మన డెల్టా సంగతి

మనకి కొండలు లేవు, ఎత్తు మారితే జెట్ మార్చే బాధ లేదు. కానీ కోతలు, నూర్పిళ్ల టైమ్‌లో రేపల్లె, భట్టిప్రోలు, చెరుకుపల్లి రోడ్ల మీద గాల్లో వడ్ల నుసి. అప్పుడు ఆయిల్ పూయని కోన్ ఫిల్టర్ పెట్టుకుని తిరిగితే ఆ నుసి నేరుగా బోర్లోకే. మావాడి పిస్టన్ గీతల్లో దాని వాటా కూడా ఉందని బాబాయ్ అన్నాడు. కాటన్ ఫిల్టర్ అయితే ఆ సీజన్లో తరచూ కడిగి, ఆరబెట్టి, దాని ఆయిల్ పూయాలి. బాపట్ల, నిజాంపట్నం వైపు ఉప్పుగాలి. చవక సైలెన్సర్ ఇట్టే తుప్పు పట్టి, జాయింట్లు లీకై, మళ్లీ పట్ పట్.

అసలు రోడ్డెక్కొచ్చా?

ఈ మాట చివర్లో చెబుతున్నా గానీ, కొనేముందు ఆలోచించాల్సింది ఇదే. కొత్త బండి పాస్ కావాలంటే సౌండ్ 80 నుంచి 175 సీసీ వరకు 77 డెసిబెల్స్, అంతకు పైన 80 డెసిబెల్స్ దాటకూడదు. మోటారు వాహనాల చట్టం 190(2) ప్రకారం సౌండ్, పొల్యూషన్ రూల్స్ మీరితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్స్ మూడు నెలలు పోతుంది. కంపెనీ ఇచ్చిన బండిని రూల్స్‌కి విరుద్ధంగా మార్చితే 182ఎ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయలు, లేదా ఆరు నెలల దాకా జైలు. రోడ్డు రోలర్ కింద సైలెన్సర్లు నలిగిపోయే రీల్స్ మీరూ చూసే ఉంటారు. జెట్ ఎంత బాగా కుదిరినా ఆ రోలర్‌కి తెలియదు.

మావాడి బండి ఏమైందంటారా? అటక మీద నుంచి కంపెనీ సైలెన్సర్ దించాం. ఎయిర్ బాక్స్ తిరిగి పెట్టాం, లోపల కడిగి వాడుకునే ఫిల్టర్ వేశాం. బాబాయ్ మెయిన్ జెట్ ఒక సైజు పెంచాడు, స్క్రూ సర్దాడు, రెండుసార్లు ప్లగ్ విప్పి చూశాడు. మావాడు కాసేపు మొహం మాడ్చుకున్నాడు. "మరి సౌండ్ అన్నయ్యా?" అన్నాడు.

గీతలు పడ్డ ఆ పాత పిస్టన్ వాడి చేతిలో పెట్టా. తెనాలిలో పాత బండ్ల నట్లు, చెయిన్లు, గేర్లతో విగ్రహాలు చేసే సూర్య శిల్పశాల ఉంది. "ఇంకో నాలుగు ఇలాంటివి పోగుచెయ్, నీ విగ్రహం చేయించొచ్చు" అన్నా. అప్పుడు గానీ నవ్వలేదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున వాడి నుంచి వీడియో కాల్ రావట్లేదు. వాట్సాప్‌లో ఫోటో వస్తోంది. ప్లగ్ ఫోటో. మొన్నటిది చక్కటి పార్లే-జీ రంగు. కింద ఒక్కటే లైను: "అన్నయ్యా, ఇప్పుడు సెట్ అయింది."

మీ ప్లగ్ ఏ రంగులో ఉంది? ఈ వారం ఒక్కసారి విప్పి చూడండి. ఇంజిన్ చల్లారాకే సుమా!